మా తాత ‘హోల్డాన్’ అన్నాక

లండనులో పుట్టి, లండనులో పెరిగి, లండను నీళ్ళే తాగినవాళ్ళందరినీ తెచ్చి మైపాడు ఇసుకలో వరసగా నిలబెట్టండి. ‘హోల్డాన్’ అనే ఇంగ్లీషు మాటని మా తాత మౌలా సాయిబు వాడినంత సరిగ్గా వాడేవాడు వాళ్ళలో ఒక్కడుంటే నేను చెవి కోసి ఇస్తాను. అయిదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని కాబట్టి నా మాటకి విలువ లేదనుకునేవాళ్ళు, ఒక్కసారే తప్పినవాళ్ళని ఎవరినైనా అడిగి చూసుకోవచ్చు.

మా తాతకి వచ్చిన ఇంగ్లీషు మొత్తం ఆ ఒక్క మాటే. ‘రైట్’ కూడా వచ్చు కదా అంటారేమో. దాన్ని ఆయన ఇంగ్లీషు కింద జమ కట్టేవాడు కాదు. “రైటు మనదే మే. పుట్టినప్పట్నించి వింటా ఉండాం” అని నాతో అనేవాడు.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఆయన జయరామయ్య గారి బస్సులో కండక్టరు. మూతి ముందుకు పొడుచుకొచ్చిన ముసలి బస్సు అది. పొద్దున ఆరింటికి మైపాడులో దగ్గుతూ బయలుదేరి, ఇందుకూరుపేట మీదుగా ఏడుంబావుకి నెల్లూరు చేరాలి. డ్రైవరు అబ్రహాము. వాళ్ళిద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉండేది. తాత తాడు లాగి గంట ఒకసారి కొడితే బండి ఆపాలి. రెండుసార్లు కొట్టి ‘రైట్’ అంటే పోనివ్వాలి. ‘హోల్డాన్’ అంటే మాత్రం ఇంజను ఆపకూడదు, బండి కదపకూడదు, ఎందుకని అడగకూడదు.

మిగతా బస్సుల్లో సంగతి అందరికీ తెలిసిందే. క్లీనరు తలుపుకి వేలాడుతూ, బండి ఆగాల్సిన ప్రతి చోటా ‘హోల్డాన్, హోల్డాన్’ అని అరుస్తాడు. అది వింటే మా తాతకి ఒంటి మీద కారం చల్లినట్టు ఉండేది. ఒకసారి నెల్లూరు బస్టాండులో వేరే బస్సు క్లీనరు అట్లా అరిచాడని, సొంత బస్సు దిగి పోయి వాడి చొక్కా పట్టుకున్నాడు.

“ఏమయ్యా, ఇప్పుడు ఎవరి కోసరం అన్నావు?”

“ఎవరి కోసరమూ లేదు సాయిబన్నా. బండి ఆగాల, అందుకని.”

“ఆగాలంటే ఆపమను. గంట కొట్టు. గంట లేకుంటే బండి ముందర పడుకో. అంతేగాని మనిషి కోసరం కాకుండా ఊరికే హోల్డాన్ అనబాక.”

“రెండూ ఒకటే గదన్నా?”

“ఒకటా? నీకు సంబంధం కుదరడమూ, నీకు కాలు విరగడమూ ఒకటేనా?”

ఆ క్లీనరుకి ఈ రోజుకీ అర్థమై ఉండదు.

తాత ఆ మాటని గాలికి నేర్చుకోలేదు. కుర్రతనంలో నెల్లూరులో ఒక దొర బంగళాలో జవానుగా ఉన్నాడు. అక్కడ గోడకి ఒక టెలిఫోను ఉండేది. అది మోగితే దొర తీసి చెవికి పెట్టుకుని, ‘హోల్డాన్’ అని, తాత వైపు చూసేవాడు. తాత పరిగెత్తి తోటలో ఉన్న దొరసానినో, కచేరీ గదిలో ఉన్న గుమాస్తానో పిలుచుకొచ్చేవాడు. వాళ్ళు వచ్చేదాకా అవతల ఉన్న మనిషి, ఏ మద్రాసులోనో, చెవి దగ్గర ఆ గొట్టం పెట్టుకుని అట్లాగే నిలబడి ఉండేవాడు.

“చూసినావా మే,” అనేవాడు నాతో. “మాట ఒకటి, పని ఇద్దరికి. అవతలోడు పెట్టేసి పోకూడదు. ఇవతలోడు నడవకూడదు, పరిగెత్తాల. దొర అంతటోడే ఆ మాట అన్నాక మనిషి వచ్చిందాకా పక్కకి పోయేవాడు కాదు. ఇప్పటోళ్ళు దాన్ని కుక్కని అదిలించేదానికి వాడతా ఉండారు.”

ఇంత నిష్ఠగా నేర్చుకున్న మాటని బస్సులో మాత్రమే వాడి ఊరుకుంటాడా? ఇంట్లో మా ప్రాణాలు తీసేవాడు.

పళ్ళేలలో అన్నం పడేది. దాని మీద చేపల పులుసు పడేది. మా చేతులు ముద్ద దాకా పోయేవి. సరిగ్గా అప్పుడు తాత అరచెయ్యి పైకెత్తి ‘హోల్డాన్’ అనేవాడు. మేము నలుగురు పిల్లలం చేతులు గాల్లో పెట్టుకుని, పులుసు వంక చూస్తూ గుటకలు మింగేవాళ్ళం. వంటింట్లోంచి మా అవ్వ నాగూర్‌బీ తిట్లు వినిపించేవి.

“మీరు తినండి, నాకు ఇంకా చట్టి కడగాల.”

“హోల్డాన్ అన్నాను.”

“ఈ మనిషితో నా సంసారం బస్టాండు అయిపోయినాది గదరా దేవుడా.”

అవ్వ తిట్టుకుంటూనే వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఒక పక్కన కూలబడేది. అప్పుడు తాత తీరిగ్గా ‘రైట్’ అనేవాడు. అప్పటికి పులుసు చల్లారిపోయేది. చల్లారిన పులుసు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇంకొకటి చెబుతాను. మా జైతూన్‌బీ పిన్నికి నికా జరుగుతోంది. ఖాజీ గారు పుస్తకం తెరిచారు. పెళ్ళికొడుకు బాజీ పూల తెరల వెనక చెమటలు కక్కుతున్నాడు. ఖాజీ గారు నోరు తెరిచారో లేదో, వెనక నుంచి ‘హోల్డాన్’ అని వినిపించింది. పందిరంతా చల్లబడింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వీడికి ఇంతకుముందే పెళ్ళయిందని ఎవరైనా చెప్పారా అని మా వాళ్ళు గుసగుసలాడారు. తాత నేరుగా పెరట్లోకి పోయి, బిర్యానీ డేగిసాతో కుస్తీ పడుతున్న వంటాయన లాల్ అహ్మద్‌ని భుజం పట్టుకుని లాక్కొచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టి, ‘రైట్’ అన్నాడు. నికా జరిగింది. బిర్యానీ మాడింది. బాజీ చిన్నాన్న ఇప్పటికీ మా ఇంట్లో అన్నం ముందు వాసన చూసి తర్వాత తింటాడు.

ఇట్లా సాగుతున్న రాజ్యంలోకి మాల్యాద్రి గారు దిగారు. జయరామయ్య గారి కొత్త అల్లుడు. మద్రాసులో బి.ఏ. చదివాడు. కాలికి బూట్లు, చేతికి గడియారం, జేబులో చిన్న పుస్తకం. మామగారు బస్సుల పెత్తనం ఆయనకి అప్పగించారు. ఆయన రోజూ నెల్లూరు షెడ్డు గుమ్మంలో నిలబడి, మా బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఆ పుస్తకంలో రాసుకున్నాడు. పదిహేను రోజులు రాసుకుని తాతని పిలిపించాడు. ఆ మాటలు అబ్రహాము మా ఇంటికి వచ్చి, ఇద్దరి గొంతులూ తనే పెట్టి, చెప్పాడు.

“ఏమయ్యా మౌలా, ఒకరోజు సరిగ్గా వస్తావు. ఒకరోజు అయిదు నిమిషాలు లేటు. ఒకరోజు పద్దెనిమిది. దీనికి ఒక పద్ధతంటూ లేదా?”

“ఉంది సార్. అది నాది కాదు.”

“మరి ఎవరిది?”

“మీరు వచ్చి చూస్తే తెలస్తాది సార్. చెప్తే తెలిసేది కాదు.”

“నువ్వు దారిలో హోల్డాన్ అని బండి ఆపేస్తున్నావని విన్నాను. అసలు ఆ మాటకి అర్థం తెలుసా నీకు? గట్టిగా పట్టుకోండి అని అర్థం. బి.ఏ. చదివినవాణ్ణి చెబుతున్నాను.”

ఇక్కడ తాత మొహం ఎర్రబడిందని అబ్రహాము చెప్పాడు. నల్లగా ఉండే మనిషి మొహం ఎట్లా ఎర్రబడుతుందని అవ్వ అడిగింది. చెవులు ఎర్రబడ్డాయని దిద్దుకున్నాడు.

“మీరు పుస్తకంలో చదివినారు సార్. నేను మాట ఎట్టా పనిచేస్తాదో చూసినాను.”

మాల్యాద్రి గారు పుస్తకం మూశాడు. “ఎల్లుండి నేనే మీ బస్సులో వస్తాను. ఆ రోజు ఏడుంబావుకి బండి షెడ్డులో లేకపోతే, నీ తోలు సంచీ అక్కడే దించి ఇంటికి పో.”

ఇరవై రెండేళ్ళుగా ఆ సంచీ తాత భుజాన ఉంది. భుజం మీద పట్టీ తిరిగిన చోట చర్మం గాడి పడింది. ఆ సంచీ లేకుండా ఆయన పక్కకి ఒరిగి నడిచేవాడు. దాన్ని దించమన్నాడని విని నాకు ఒళ్ళు మండింది. అవ్వకి అంతకంటే మండింది.

“ఆయనతో వాదం ఎందుకు పెట్టుకున్నావు? గట్టిగా పట్టుకోండనే అర్థమని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?”

“అబద్ధం గదా.”

“పరాయి దేశం మాట. దానికి నిజమైతే నీకెందుకు, అబద్ధమైతే నీకెందుకు?”

 తాత సంచీకి ఆముదం రాస్తూ కూర్చున్నాడు.

ఎల్లుండి వచ్చింది. నెల్లూరులో అవ్వకి కళ్ళద్దాలు తీసుకోవాలని వంక పెట్టి నేనూ అవ్వా కూడా బస్సెక్కాం. అవ్వకి అద్దాలు అంతకుముందు నెలలోనే తీసుకున్నాం. మాల్యాద్రి గారు డ్రైవరు పక్క సీట్లో గడియారం మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా వెనక సీట్లో కామాక్షయ్య గారు. ఆయనకి కోర్టులో వాయిదా ఉంది. ఆయనకి ఎప్పుడూ ఉంటుంది.

మైపాడు దాటి కొంత దూరం పోయాక సరుగుడు తోపు దగ్గర ఒక మలుపు ఉంది. తాత అక్కడ తాడు ఒకసారి లాగాడు. బండి ఆగింది. దిగేవాళ్ళు లేరు. ఎక్కేవాళ్ళూ లేరు.

“హోల్డాన్” అన్నాడు తాత.

మాల్యాద్రి గారు మెల్లగా వెనక్కి తిరిగాడు. “ఎవరున్నారయ్యా ఇక్కడ? కాకి కూడా లేదు.”

“వస్తా ఉండారు సార్.”

“నీకెట్లా తెలుసు?”

“రేపు పున్నమి సార్.”

“పున్నమికీ బస్సుకీ ఏమిటి సంబంధం?”

“ఆ తోపు దాటి చూడండి సార్, కనపడతాది.”

“చూస్తాను. ఎవరూ లేకపోతే మాత్రం నువ్వు ఇక్కణ్ణించే నడిచి ఇంటికి పోతావు.” మాల్యాద్రి గారు బూట్లు టకటకలాడించుకుంటూ దిగి, పుస్తకం చేత్తో పట్టుకుని, సరుగుడు చెట్ల వెనక్కి పోయాడు.

ఆ తోపు అవతల ఒక ఉప్పు కాలవ, దానికి అవతల బెస్తవాళ్ళ పాలెం ఉన్నాయి. పాలెం ఆడవాళ్ళు పొద్దున్నే చేపల తట్టలతో మా బస్సెక్కి నెల్లూరు పోవాలి. ఎండెక్కకముందే పోకపోతే చేప చేప కాదు. మామూలు రోజుల్లో కాలవ మోకాటి లోతు. తట్ట నెత్తిన పెట్టుకుని అడ్డంగా నడిచి వచ్చేస్తారు. కానీ అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ రోజుల్లో పొద్దునపూట సముద్రం పోటెత్తి కాలవ నిండుతుంది. అప్పుడు చుట్టూ తిరిగి, గట్టు మీదుగా రావాలి. అందుకు పావుగంట ఎక్కువ పడుతుంది. అమావాస్యో పున్నమో దగ్గరపడే కొద్దీ బస్సు ఆలస్యం పెరుగుతుంది, దాటాక తగ్గుతుంది. మాల్యాద్రి గారు పదిహేను రోజులు కష్టపడి రాసుకున్నది ఏమిటయ్యా అంటే, పంచాంగం.

కాసేపటికి తోపులోంచి నాగులమ్మ బయటికొచ్చింది. వెనక ఇంకో అయిదుగురు. అందరికంటే వెనక, కుంటుకుంటూ, ముసలి మాలకొండమ్మ. తాత నడిచేవాళ్ళ వంక చూసి మామూలుగానే అరిచాడు.

“నేను హోల్డాన్ అంటే మీరు పెళ్ళి నడక నడుస్తా ఉండారా? పరిగెత్తండి.”

“వస్తా ఉండాం సాయిబన్నా. నీ అరుపుకి చేపలు మళ్ళా బతికేట్టుండాయి.”

తట్టలు బస్సు పైకెక్కాయి. మాలకొండమ్మ పైకి ఎక్కుతూ తాత చెవిలో వేసింది.

“ఆ బూట్లాయన ఎవురన్నా? మమ్మల్ని చూసి, ఇంత దూరం తిరగతా ఉండారు గాబట్టే నా బండి లేటవతా ఉందని తిట్టినాడు. అడ్డంగా పోతే ఎంత దగ్గరో చూపిస్తానని కాలవలో దిగినాడు.”

“చెప్పలేదా మీరు?”

“లోతని చెప్పినాం. బి.ఏ. చదివినానన్నాడు.”

“మునిగినాడా?”

“నడుం దాకా బురదలో ఉండాడు. ప్రాణానికేం కాదు. మేము చెయ్యిస్తామంటే, చేపల కంపు చేతులతో ముట్టుకోబాకండన్నాడు. సరేలే అని వచ్చినాం.”

అబ్రహాము గడియారం చూసుకున్నాడు. “అన్నా, ఇంకెక్కడా ఆపకుండా తొక్కితే ఏడుంబావుకి షెడ్డులో ఉంటాం. జయరామయ్య గారే గుమ్మంలో ఉంటారంట ఈ రోజు. నీ సంచీ నీకే ఉంటాది.”

“పోదాం పా సాయిబూ,” అన్నాడు కామాక్షయ్య గారు. “ఎవురి కోసరమూ ఆగొద్దన్నది ఆయనే గదా. యజమాని మాట మీరకూడదు.”

“పోనీండి, పోనీండి,” అంది అవ్వ. “బి.ఏ. చదివినాడు గదా, కాలవలోనే ఉద్యోగం చేసుకుంటాడు.”

బస్సంతా ఒక్క గొంతుతో ‘రైట్, రైట్’ అంది. నిజం చెప్పాలంటే అందరికంటే గట్టిగా అన్నది నేను.

తాత ఒక చేత్తో గంట తాడు పట్టుకున్నాడు. రెండో చెయ్యి సంచీ మీద ఉంది. తోపు వైపు ఒకసారి చూశాడు. రెండుసార్లు లాగితే చాలు. ఆయన తాడు వదిలేశాడు.

“హోల్డాన్.”

“నీకు పిచ్చా?” అంది అవ్వ.

“మనిషి వస్తా ఉండాడు. అన్నాక అన్నట్టే.”

కామాక్షయ్య గారు తల పట్టుకున్నాడు. చేపలవాళ్ళు కూడా తిట్టారు, వాళ్ళ కోసం ఆగితే పుణ్యం, ఇంకొకడి కోసం ఆగితే పిచ్చి కదా. ఆ పావుగంటలో మా తాతని ఎన్ని మాటలన్నారో రాస్తే ఇది అచ్చు వెయ్యరు. అన్నింటికీ ఆయన ఒక్కటే చేశాడు. తలుపు దగ్గర నిలబడి తోపు వంక చూశాడు.

ఆఖరికి సరుగుడు చెట్ల మధ్యలోంచి ఒక ఆకారం ఊడిపడింది. నడుం దాకా నల్ల బురద. ఒక కాలికి బూటు, ఒక చేతిలో బూటు. బస్సు ఇంజను గురగురలాడటం విని, బండి పోతోందనుకున్నాడో ఏమో, చేతిలో బూటు పైకెత్తి ఊపుతూ, గొంతు చించుకుని అరిచాడు.

“హోల్డాన్. హోల్డాన్.”

 మా తాత మొహం వెలిగింది. అబ్రహాము వైపు తిరిగి, శిష్యుడు పరీక్ష పాసైనప్పుడు పంతులు చెప్పినట్టు చెప్పాడు.

“చూసినావా? ఇప్పుడు సరిగ్గా అన్నాడు.”

వెంటనే తలుపులోంచి బయటికి వంగి అరిచాడు. “నడవబాకండి సార్, పరిగెత్తండి. ఆ మాటంటే ఇద్దరికీ పనే.”

మాల్యాద్రి గారు పరిగెత్తాడు. మాలకొండమ్మ చెయ్యి అందిస్తే ఈసారి కంపు మాట ఎత్తకుండా పట్టుకుని ఎక్కాడు. తాత రెండుసార్లు తాడు లాగి ‘రైట్’ అన్నాడు.  నెల్లూరు దాకా ఆయన మీంచి బురద చుక్కలు చుక్కలుగా కారింది.

షెడ్డు చేరేసరికి ముప్పై నిమిషాలు లేటు. జయరామయ్య గారు గుమ్మంలోనే ఉన్నారు.

“ఎవరి వల్ల ఆలస్యం?” అని అడిగారు.

తాత సంచీ భుజం మీంచి తీసి ముందుకి పట్టుకున్నాడు. “నేనే హోల్డాన్ అన్నాను అయ్యా.”

బస్సులో ఉన్నవాళ్ళందరం మాల్యాద్రి గారి చేతిలో ఉన్న బూటు వంక చూశాం. ఆయన కూడా దాన్నే చూసుకున్నాడు. జేబులోంచి తడిసిన పుస్తకం తీసి, అతుక్కుపోయిన కాగితాలు విడదీసి, పదిహేను రోజుల అంకెలూ మళ్ళీ చదువుకున్నాడు. పెదవులు కదిలాయి. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“టైంటేబిలు తప్పు మామయ్యా. నేను స్వయంగా దిగి చూశాను.”

“ఎక్కడ దిగావు?” అన్నారు మామగారు, ఆయన్ని కింద నుంచి పైదాకా చూస్తూ.

“వివరంగా తర్వాత చెబుతాను. సంచీ వేసుకోవయ్యా మౌలా, అట్లా దిష్టిబొమ్మలా నిలబడతావేం?”

తర్వాత వారానికి షెడ్డులో ఒక బోర్డు వెలిసింది. అమావాస్యకీ పౌర్ణమికీ ముందు రెండు రోజులు, ఆ రోజు, తర్వాత రెండు రోజులు మైపాడు బస్సు నెల్లూరుకి ఏడున్నరకి వస్తుందని తెలుగులో ఒక ముక్క, కింద ఇంగ్లీషులో పది ముక్కలు. సముద్రాన్ని పరిశీలించి బస్సు టైము కట్టినది జిల్లాలో తానొక్కడేనని మాల్యాద్రి గారు అందరికీ చెప్పుకున్నాడు. మా తాత పేరు ఎక్కడా లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. తాతకి రగల్లేదు. ఆయన కోపమంతా ఒక్కదాని మీదే. అంత జరిగాక కూడా మాల్యాద్రి గారు ‘గట్టిగా పట్టుకోండి అనే అర్థం కూడా ఉంది’ అంటున్నాడట.

ఆ బురద రోజున తిరుగు బస్సులో నేను అవ్వతో అన్నాను. “అయితే తాత ఊరికే అనడన్నమాట, ఎప్పుడు హోల్డాన్ అన్నా ఎవరో ఒకరు వెనక పడి ఉంటారన్నమాట.”

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. “అయిదో తరగతి తప్పినావంటే తప్పవా మరి? ఇప్పుడా తెలిసింది? మీ పిన్నిని చంకనేసుకోని పెంచినోడు లాల్ అహ్మద్. వాడు పొయ్యి కాడ ఉంటే నికా ఎట్టా చేస్తారు? ఇంక నా సంగతి. అందరూ తిన్నాక ఇంత నడుం వాల్చి తీరిగ్గా నాలుగు మెతుకులు తిందామంటే, నలభై ఏళ్ళలో ఒక్కపూట తిననిచ్చినాడా నీ తాత? నేను కూర్చున్నిందాకా ముద్ద ముట్టడు. ఇట్టాంటి మనిషితో ఎవురన్నా ఏగుతారా?”

ఏగింది. ఇంకా ఏగుతోంది.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం తాతకి చదివి వినిపిద్దామని కూర్చున్నాను. ఇప్పుడు ఆయన సంచీ దింపి నాలుగేళ్ళయింది, ఇంకా పక్కకి ఒరిగే నడుస్తాడు. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని ‘లండనులో పుట్టి’ అనగానే అరచెయ్యి పైకెత్తాడు.

“హోల్డాన్. మీ అవ్వని రానీ.”

“అవ్వకి చెవుడు గద తాతా. వచ్చినా వినపడదు.”

“వినపడకుంటే అది దాని చెవి తప్పు. రాకముందే మొదలుపెడితే అది నీ తప్పు.”